బారసాల తర్వాత మొదలయ్యే కథ: కొత్త తల్లి నవలలు, గోదావరి డెల్టా కాపురాలు

క్లుప్తంగా: కొత్తగా తల్లైన స్త్రీ, ఆమె కాపురం చుట్టూ తిరిగే నవలలను చాలామంది భర్త మీద ఫిర్యాదుగానో, డిప్రెషన్ కథగానో చదువుతున్నారు. గోదావరి డెల్టాలోని పుట్టింటి పురుడు పద్ధతితో పోల్చి చూస్తే వాటి అసలు విషయం వేరుగా కనిపిస్తుంది. బిడ్డ పుట్టిన మొదటి నెలల్లో ఏ పని ఎవరు నేర్చుకున్నారు, ఎవరిని ఆ పనికి దూరంగా ఉంచారు అన్నదే ఆ నవలల కథ. తల్లి ఒంటికి విశ్రాంతినిచ్చే మన పద్ధతే తండ్రిని చుట్టంలా కూర్చోబెడుతుంది. దాని ఫలితం ఐదో నెల దాటాక బయటపడుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల సంఖ్య మళ్లీ రాజకీయ విషయమైంది. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను తీసేసే బిల్లులను 2024 నవంబరులో శాసనసభ ఆమోదించింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) ప్రకారం రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా ఉండాలంటే ఆ సంఖ్య 2.1 ఉండాలి. ఎందుకు కనడం లేదన్న చర్చలో స్కూలు ఫీజులు, ఆలస్యపు పెళ్లిళ్లు, ఉద్యోగాలు వస్తున్నాయి. మొదటి కాన్పు తర్వాతి ఏడాది ఎలా గడిచిందన్న ప్రశ్న మాత్రం రావడం లేదు. ఇళ్లలో అయితే వస్తుంది. రెండో బిడ్డ మాటెత్తితే "ఒక్కరితోనే చాలు, మళ్లీ ఆ రోజులు వద్దు" అనే ఆడవాళ్లు ఉన్నారు. ఆ రోజులంటే ఏమిటో విడమరిచి చెప్పే అవకాశం వాళ్లకు ఎక్కడా దొరకదు.

గత రెండు మూడు దశాబ్దాల్లో అనేక భాషల్లో నవల ఆ అవకాశం ఇచ్చింది. కొత్త తల్లి, నిద్రలేని రాత్రులు, మెల్లగా మాట తగ్గిపోయే భార్యాభర్తలు, ఇవే కథాంశంగా నవలలు వచ్చాయి, వస్తున్నాయి. తెలుగు పాఠకుల్లో వీటి గురించి అయోమయం కూడా ఉంది. కన్నబిడ్డ మీద తల్లికి విసుగు వస్తుందా? ఇంట్లో రోజూ జరిగే పనుల గురించి నవల ఎందుకు? తప్పు ఎవరిది? మన దగ్గర పుట్టిల్లు ఉంది కదా, ఈ కథ మనది ఎలా అవుతుంది? ఈ చివరి ప్రశ్నే అన్నిటికన్నా గట్టిది. గోదావరి డెల్టాలో దానికి జవాబు వెతకడానికి బోలెడంత సామగ్రి ఉంది.

ఏమీ జరగని చోట కథ

మామూలు నవలకు ఒక సంఘటన కావాలి. పెళ్లి, మరణం, ఆస్తి తగాదా, ఊరు విడిచిపోవడం. కొత్త తల్లి జీవితంలో అలాంటిదేమీ జరగదు. పుట్టిన బిడ్డకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలివ్వాలి. బిడ్డ మొత్తం మీద 14 నుంచి 17 గంటలు నిద్రపోయినా అది ముక్కలు ముక్కలుగానే. తల్లి నిద్ర కూడా అలాగే ముక్కలవుతుంది. రాత్రి పగలు తేడా పోతుంది. ఇవాళ ఏం చేశావని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు, చేసిన పని మాత్రం ఒళ్లంతా తెలుస్తూ ఉంటుంది.

ఈ తరహా నవల నడక అక్కడి నుంచే వస్తుంది. చిన్న చిన్న అధ్యాయాలు, ఒకే దృశ్యం మళ్లీ మళ్లీ రావడం, సగంలో ఆగిపోయే ఆలోచనలు. చదివేవాళ్లకు "కథ కదలడం లేదు" అనిపిస్తుంది. కదలకపోవడమే అక్కడ చెప్పదలిచిన సంగతి. పది పేజీల వ్యాసం ఈ అలసటను వివరించగలదు, అనుభవంలోకి తేలేదు. రెండు వందల పేజీల పాటు పాఠకుణ్ని అదే గదిలో ఉంచడం నవలకే సాధ్యం.

కాపురం ఇందులోకి వచ్చే దారి కూడా చిన్నదే. పెద్ద తగాదాలు ఉండవు. అర్ధరాత్రి బిడ్డ ఏడిస్తే ముందు ఎవరు లేచారు, తడి గుడ్డ ఎవరు మార్చారు, టీకా తేదీ ఎవరికి గుర్తుంది, ఇలాంటి లెక్కలు ఇద్దరి మనసులోనూ పెరుగుతూ పోతాయి. ఆమె లెక్క ఒకటి, అతని లెక్క ఒకటి. రెండూ పైకి రావు. మంచి నవలలు ఈ రెండు లెక్కల్నీ చూపిస్తాయి. ఒక్క ఆమె లెక్కే చూపించేవి పాఠకుడికి కోపం తెప్పించి వదిలేస్తాయి, కారణం దాకా తీసుకెళ్లవు.

డెల్టాలో పురుడు: చాలా చేతులు, ఒక ఖాళీ

ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలే గోదావరి మధ్యనా, రెండు పక్కలా ఉన్న ఊళ్లలో తొలి కాన్పు పుట్టింటి బాధ్యత. సీమంతమో, గాజులు పెట్టడమో అయ్యాక అమ్మాయిని తీసుకొచ్చేస్తారు. ఆసుపత్రి కూడా పుట్టింటివాళ్లకు దగ్గరగా రాజమహేంద్రవరంలోనో, కాకినాడలోనో, భీమవరంలోనో, అమలాపురంలోనో ఎంచుకుంటారు. ఖర్చు వాళ్లదే. ఖర్చు ఎవరిదో నిర్ణయాలూ వాళ్లవే అవుతాయి. ఏ డాక్టరు, ఏ గది, ఎన్నాళ్లు విశ్రాంతి అన్న మాటల్లో భర్తకు పెద్దగా చోటుండదు. అతను ఫోన్‌లో అడిగి తెలుసుకుంటాడు.

ఇప్పుడు నూటికి నలభైకి పైగా కాన్పులు ఆపరేషన్లే. అదే కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం ప్రసవాలు సిజేరియన్ ద్వారా జరిగాయి, దేశం మొత్తం మీద అది 21.5 శాతం. అంటే చాలామంది బాలింతల ఒంట్లో కాన్పు అలసటతో పాటు కోత గాయం కూడా ఉంటుంది. పాత పురుటి ఏర్పాట్లు మామూలు కాన్పు కోసం ఏర్పడ్డవి. వాటినే ఇప్పుడు కుట్లున్న ఒంటికి వర్తింపజేస్తున్నారు. మంచినీళ్లు ఎక్కువ తాగకూడదని ఇంట్లో అంటారు, బాగా తాగమని డాక్టరు చెబుతారు. కుట్లు మానకుండా వంగకూడదని డాక్టరు అంటే, తలకు పోసుకుని సాంబ్రాణి పొగ పట్టుకోవాలని ఇంట్లో పట్టుబడతారు. రెండు మాటల మధ్య బాలింత నలిగిపోతుంది. ఏది విన్నా రెండోవాళ్ల దృష్టిలో తప్పు చేసినట్టే.

అయినా ఈ పద్ధతిలో ఉన్న ఆసరా చిన్నది కాదు. నేతితో కారప్పొడి అన్నం, వెల్లుల్లి కారం, పాత చింతకాయ పచ్చడి, శొంఠి, పిప్పళ్లు వేసి చేసే కాయం. చేపలు తినే ఇళ్లలో పాలు పడాలని పాలసొర వండి పెడతారు. చెవుల్లో దూది, నడుముకు కట్టు. కాళ్ల మీద పడుకోబెట్టి బిడ్డకు నీళ్లు పోసే పెద్దావిడ. రాత్రి బిడ్డ లేస్తే ఎత్తుకునే అమ్మమ్మ. ఒక్క పని కూడా తల్లి మీద పడకుండా చూసే ఇళ్లు ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. విదేశీ నవలల్లో కొత్త తల్లిని కుంగదీసే ఒంటరితనం ఇక్కడ మొదటి నెలల్లో తక్కువ. ఈ మాట ఒప్పుకోకుండా మన ఆచారాలన్నీ వెనకబాటుతనమని కొట్టిపారేసే విమర్శ న్యాయంగా ఉండదు.

చాలా ఆసియా దేశాల్లో 30, 40 రోజుల విశ్రాంతి ఆచారాలు ఉన్నాయి. చైనాలో నెల రోజులు బాలింతను గడప దాటనివ్వకపోవడం ఇప్పటికీ మామూలే. ఇవి డిప్రెషన్‌ను తగ్గిస్తాయా అని చేసిన పరిశోధనల ఫలితాలు ఒకేలా లేవు. ఆచారం ఉందా లేదా అన్నదానికన్నా, దగ్గరున్న మనుషులు తనవైపే ఉన్నారని ఆ స్త్రీకి అనిపిస్తోందా లేదా అన్నది చూడాలి.

ఇక ఖాళీ సంగతి. పుట్టింట్లో భర్త అల్లుడు. గోదావరి జిల్లాల్లో అల్లుడి మర్యాద ఎంతటిదో రాష్ట్రమంతా ఎరుగుదురు. ఏటా సంక్రాంతికి కొత్త అల్లుడికి వందల రకాల వంటలు వడ్డించిన విస్తరి ఫొటోలు పత్రికల్లో వస్తాయి. ఆ మర్యాదే బిడ్డ పుట్టాక అతన్ని గది బయట కూర్చోబెడుతుంది. ఆదివారం పళ్ల సంచితో వస్తాడు. కాఫీ ఇస్తారు. బిడ్డను తెచ్చి కాసేపు ఒళ్లో పెడతారు. ఏడవగానే తీసుకెళ్లిపోతారు. బిడ్డ తడిపితే "అయ్యో, మీరెందుకు బాబూ" అని అత్తగారు అందుకుంటారు. అల్లుడిచేత బిడ్డ గుడ్డలు ఉతికించడం ఆ ఇంటికి పరువు తక్కువ. భార్య పక్కన పది నిమిషాలు ఒంటరిగా కూర్చుందామన్నా, పురుటి గదిలోకి మగవాళ్లు ఊరికే వెళ్లరు.

ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. అత్తగారు మర్యాద చేస్తోంది. అల్లుడు ఆ మర్యాదకు తలవంచుతున్నాడు. బాలింతకు నిద్ర కావాలి. ఫలితం మాత్రం ఒకటే. మూడు నుంచి ఐదు నెలల పాటు ఒకరికి బిడ్డ ఏడుపుల్లో తేడా తెలిసిపోతుంది, రెండోవారికి ఆ ఏడుపు ఒకటే మోతగా మిగులుతుంది. వేసవిలో కాలువలు కట్టేసినట్టు ఆ నెలల్లో కాపురం ఆగి ఉంటుంది. కాలువ కట్టేసినప్పుడు గట్లయినా బాగుచేస్తారు, ఇక్కడ ఆ పని చేసేవాళ్లు ఉండరు.

డబ్బు లెక్క కూడా ఇక్కడే మొదలవుతుంది. బిడ్డను అత్తారింటికి పంపేటప్పుడు పుట్టింటివాళ్లు సారె పెడతారు. ఉయ్యాల, వెండి గిన్నె, మొలతాడు, బట్టలు, ఊరందరికీ పంచడానికి తాపేశ్వరం కాజాలు, ఆత్రేయపురం పూతరేకులు. తక్కువైందని అత్తారింట్లో ఒక మాట అంటే, ఆ మాట పడేది పాలిచ్చే తల్లి. కాన్పు ఖర్చు, బారసాల ఖర్చు, సారె ఖర్చు అన్నీ తండ్రి మీద పడ్డాయని తెలిసిన అమ్మాయి, భర్త "మీవాళ్లు ఇంకొంచెం..." అని మొదలుపెట్టగానే గట్టిగా మాట్లాడితే, పచ్చి బాలింత కోపమని నవ్వేస్తారు. ఆ కోపానికి కారణం ఉందని ఎవరికీ తట్టదు.

ఐదో నెల: ఇద్దరూ ఒకే ఇంట్లోకి

మూడో నెలలోనో ఐదో నెలలోనో మంచిరోజు చూసి పంపేస్తారు. ఈ ప్రయాణమే డెల్టా కథకు కీలకం. అత్తారిల్లు పాలకొల్లులోనో రావులపాలెంలోనో ఉంటే ఒక రకం. అక్కడ నాయనమ్మ ఉంటుంది, ఆమె పద్ధతులు వేరు. పుట్టింట్లో ఒప్పు అన్నది ఇక్కడ తప్పవుతుంది. పాలు చాలడం లేదని డబ్బా పాలు పట్టమంటారు, లేదా డబ్బా పాలు పడుతోందని నిందిస్తారు. భర్త తల్లికీ భార్యకూ మధ్య నిలబడాల్సి వస్తుంది. బిడ్డ గురించి అతనికి సొంతంగా ఏమీ తెలియదు కాబట్టి తల్లి మాటే నిజమనుకుంటాడు. పుట్టింట్లో అతను నేర్చుకోకపోయిన పని ఇక్కడ అతని తీర్పును కూడా లాగేసుకుంటుంది.

హైదరాబాదులోనో బెంగళూరులోనో ఫ్లాటైతే ఇంకో రకం. పొద్దున బాలింతకు నలుగురి చేతులు. సాయంత్రానికి గోడలు. అతను ఆఫీసుకు వెళ్తాడు, ఆమె సెలవు అయిపోతూ ఉంటుంది. 2017 నుంచి చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. అందులో చాలా భాగం పుట్టింట్లోనే గడిచిపోతుంది. నగరానికి వచ్చేసరికి మిగిలేది కొద్ది వారాలే. ఇక భర్తకు: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే 15 రోజుల పితృత్వ సెలవు. ప్రైవేటు సంస్థలో అలాంటి సెలవు ఇవ్వాలని చెప్పే చట్టమే లేదు. ఉన్న ఆ 15 రోజులు కూడా కాన్పు సమయంలో, అతను చుట్టంగా ఉన్న ఇంట్లో ఖర్చైపోతాయి. అవసరమైన రోజున అతని దగ్గర సెలవు ఉండదు.

అమెరికాలో కాపురమైతే లెక్క తిరగబడుతుంది. అక్కడ అమ్మాయి ఇక్కడికి రాదు, అమ్మే అక్కడికి వెళ్తుంది. పురుడు పోయడానికి విమానం ఎక్కే అమ్మమ్మలు డెల్టాలో వీధికొకరు కనిపిస్తారు. సందర్శకుల వీసా మీద సాధారణంగా ఒకసారికి 6 నెలల వరకు ఉండనిస్తారు. కొన్ని కుటుంబాల్లో అమ్మమ్మ తిరిగిరాగానే నాయనమ్మ బయల్దేరుతుంది. ఇక్కడ ఒక మేలు ఉంది. ఇల్లు అల్లుడిది కాబట్టి అతను చుట్టం కాలేడు. ఆసుపత్రిలోనూ ప్రసవ గదిలో భార్య పక్కనే ఉంటాడు, మొదటి గుడ్డ అతనే మారుస్తాడు. అలా మొదలైన చాలామంది మగవాళ్లు ఇంటిపనిలోనూ కలిసొస్తారు. అదే కుటుంబం, అదే పెంపకం, ఏర్పాటు ఒక్కటి మారేసరికి మనిషి మారడం గమనించాల్సిన సంగతి. మగవాడి స్వభావమే అంత అని చెప్పేవాళ్లకు ఈ పోలిక గట్టి జవాబు.

కువైట్, మస్కట్ కథలు వీటికి పూర్తిగా దూరం. కోనసీమ, పశ్చిమ గోదావరి ఊళ్ల నుంచి దశాబ్దాలుగా ఆడవాళ్లు గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్తున్నారు. బిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి, వేరే ఇంటి పిల్లలను పెంచడానికి వెళ్లే తల్లి ఆమె. ఇక్కడే ఉండి ఊడ్పులకూ కోతలకూ వెళ్లే కూలి తల్లులకు ఐదు నెలల పథ్యం అన్నమాటే లేదు. సార్వా నాట్ల కాలంలో కాన్పు అయితే కూలి పోతుంది. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి కాన్పుకు వచ్చే 5,000 రూపాయలు పోయిన కూలి పూడ్చలేవు. కొత్త తల్లి నవల అంటే ఇప్పటిదాకా ఎక్కువగా చదువుకున్న, జీతమున్న స్త్రీ కథ. ఆ పరిధి దాటకపోతే డెల్టాలో ఎంతోమంది తల్లులు దాని పేజీల్లో కనబడరు.

నరసాపురం లేసు నేర్పిన పాఠం

ఇంటిపని ఎందుకు కనబడదు అన్న ప్రశ్నకు ప్రపంచమంతా చదివిన ఒక అధ్యయనం ఈ డెల్టా నుంచే వచ్చింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే స్త్రీల గురించి పరిశోధించి 1982లో పుస్తకం ప్రచురించారు. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన ఈ పని విదేశాలకు ఎగుమతయ్యే సరుకైంది. వేల మంది స్త్రీలు ఇంట్లో కూర్చుని గంటల తరబడి అల్లేవారు. కూలి మాత్రం అతి తక్కువ. కారణంగా మీస్ చూపించింది ఇది: వాళ్లను పనివాళ్లుగా ఎవరూ చూడలేదు. గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే కాలక్షేపం అన్నారు. "ఇల్లాలు" అన్న గుర్తింపు చాటున పని గంటలు మాయమయ్యాయి.

పాలిచ్చే తల్లి విషయంలో జరిగేది కూడా ఇదే. ఆమె "ఇంట్లోనే ఉంది", "సెలవులో ఉంది", "బిడ్డతో ఆడుకుంటోంది". లేసుకైనా చివర ఒక బేరం ఉంది, ఈ పనికి అది కూడా లేదు. ఈ నవలలు చేసే ముఖ్యమైన పని, ఆ గంటల్ని పేజీ మీద పరిచి చూపించడం. నిమిషం నిమిషం రాయడం విసుగు పుట్టిస్తుందనే పాఠకులు ఈ కోణంలో ఒకసారి ఆలోచించాలి.

బాధా, జబ్బా?

ఈ నవలలు చదివాక ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కథలోని స్త్రీకి వైద్యం అవసరమా, భర్త సాయం అవసరమా?

వైద్యం మూడు స్థితుల్ని విడదీస్తుంది. కాన్పైన మొదటి రెండు వారాల్లో కారణం లేకుండా ఏడుపు రావడం, దిగులు, చిరాకు చాలామంది తల్లుల్లో కనిపిస్తాయి. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్ర లేకపోవడం ఇందులో కలుస్తాయి. అది దానంతటదే తగ్గుతుంది. రెండు వారాలు దాటినా తగ్గకుండా, దేని మీదా ఆసక్తి లేక, బిడ్డ మీద కూడా మనసు నిలవక, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే అది డిప్రెషన్. కాన్పైన ఏడాదిలో ఎప్పుడైనా మొదలు కావచ్చు. మన దేశంలో జరిగిన అనేక అధ్యయనాలను కలిపి లెక్కించి ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో 2017లో వచ్చిన విశ్లేషణ ప్రకారం సుమారు 22 శాతం తల్లుల్లో ఇది ఉంది. మూడోది సైకోసిస్. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింటిలో వస్తుంది. లేనివి కనబడటం, వినబడటం, పొంతన లేని మాటలు దాని లక్షణాలు. అది అత్యవసరం, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తండ్రులకు కూడా డిప్రెషన్ వస్తుంది. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో అది 10 శాతం దాకా ఉంది. డెల్టా ఇళ్లలో ఈ మాట నమ్మేవాళ్లు తక్కువ. "వాడికేమొచ్చింది, కన్నది ఆమె కదా" అంటారు.

ఇక్కడ బాలింత దిగులుకు ఇంట్లో దొరికే వివరణలు వేరు. పథ్యం తప్పింది, గాలి సోకింది, దిష్టి తగిలింది. ఈ మాటలు బాధను కనీసం గుర్తిస్తాయి, నింద ఆమె మీద పడకుండా కూడా కొంత కాపాడతాయి. అయితే మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాక కూడా తగ్గకపోతే తర్వాత ఏం చేయాలో అవి చెప్పవు. ప్రభుత్వ వ్యవస్థలోనూ ఒక ఖాళీ ఉంది. ఆసుపత్రి కాన్పు అయితే ఆశా కార్యకర్త 3వ రోజు నుంచి 42వ రోజు దాకా ఆరుసార్లు ఇంటికి రావాలి. ఆ సందర్శనల్లో ప్రధానంగా చూసేది బిడ్డ బరువు, ఒంటి వేడి, పాలు, తల్లికి రక్తస్రావం, జ్వరం వంటివి. ఆ తర్వాత నెలల్లో జరిగే సందర్శనలు కూడా బిడ్డ ఎదుగుదల కోసమే. తల్లి మనసు గురించి అడగడానికి పది ప్రశ్నల ఎడిన్‌బరో పట్టిక 1987 నుంచి ఉంది, అడగడానికి పది నిమిషాలు కూడా పట్టదు. ప్రతి బాలింతను అది అడగడం ఇంకా అలవాటు కాలేదు. పైగా అమ్మాయి పుట్టింటి నుంచి అత్తారింటికో నగరానికో మారేసరికి, ఆమెను మొదటి నుంచీ చూసిన ఆశా కార్యకర్త కూడా దూరమవుతుంది. పెద్దలు చూసుకునే గడువూ, వ్యవస్థ గట్టిగా చూసే గడువూ రెండూ అయిపోయాకే అసలు ఒత్తిడి మొదలవుతుంది.

సాయం లేకపోలేదు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. తల్లికి ఆసుపత్రిలో మానసిక చికిత్స అవసరమైతే మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా ఆమె నుంచి వేరు చేయకూడదని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 చెబుతోంది. బిడ్డను తీసేసుకుంటారన్న భయంతో నోరు విప్పని తల్లులకు ఈ సంగతి తెలియాలి.

ఇక నవల విషయానికొస్తే, ప్రతి దుఃఖాన్నీ డిప్రెషన్ అని చదివేస్తే కాపురంలోని అసలు సమస్య తప్పించుకుపోతుంది. రాత్రి ఎవరూ లేవకపోవడానికి మందు లేదు. మరో వైపు, అంతా భర్త తప్పే అని చదివితే నిజంగా జబ్బున్న స్త్రీకి డాక్టరు దొరకడు. ఈ రెంటినీ విడివిడిగా చూపించగలిగిన నవలే పాఠకులకు పనికొస్తుంది.

పాటలో ఉన్నది నవలలో ఎందుకు లేదు

తెలుగు ఆడవాళ్లు ఈ విషయం మీద ఎప్పుడూ మౌనంగా లేరు. ఇళ్లలో పాడుకున్న రామాయణపు పాటల్లో కౌసల్య వేవిళ్లు ఉన్నాయి. ఆమె పురిటి నొప్పులు ఉన్నాయి. దూలం నుంచి వేలాడే తాళ్లు పట్టుకుని నిలబడి కనడం దాకా వర్ణన ఉంది. సాహిత్య పరిశోధకుడు వెల్చేరు నారాయణరావు ఈ పాటల మీద 1991లో ప్రచురించిన ఆంగ్ల వ్యాసంలో, కావ్యాల్లో యజ్ఞం, పాయసం దగ్గర ఆగే కథ ఆడవాళ్ల పాటల్లో కాన్పు గదిలోకి ఎలా వెళ్తుందో చూపించారు. మగవాళ్లు వినని చోట ఆ మాటలన్నీ ఉన్నాయి.

అచ్చులోకి వచ్చేసరికి ఆ గది మూతపడింది. తెలుగు నవల తొలి అడుగులు వేసిందే గోదావరి ఒడ్డున. కందుకూరి వీరేశలింగం 1878లో మొదలుపెట్టిన రాజశేఖర చరిత్రము ధవళేశ్వరం వర్ణనతో ఆరంభమవుతుంది. అప్పటి సంస్కరణ దృష్టికి బాల్యవివాహం, వితంతువు, ఆడపిల్ల చదువు ముఖ్యమయ్యాయి. ఆ కాలానికి అవి అత్యవసరం కూడా. తర్వాత వారపత్రికల సీరియళ్లు రాజ్యమేలిన దశాబ్దాల్లో ఎందరో రచయిత్రులు కాపురాల లోపలి హింసను రాశారు. కాన్పు మాత్రం ఎక్కువగా కథకు మలుపుగానో, ముగింపు శుభంగానో ఉపయోగపడింది. బిడ్డ పుడితే భర్త మారతాడు, లేదా అత్త మెత్తబడుతుంది. పుట్టిన మర్నాటి పొద్దు మీద కథ ఆగి చూసింది తక్కువ.

స్త్రీవాద కవిత్వం ఆ తలుపు తీసింది. కొండేపూడి నిర్మల "లేబర్ రూం" కవితతో ప్రసవ గది నేరుగా తెలుగు కవిత్వంలోకి వచ్చింది. 1993లో వచ్చిన నీలిమేఘాలు సంకలనం నాటికి శరీరం గురించి రాయడం మీద పెద్ద వాదమే జరిగింది. కవిత ఒక క్షణాన్ని పట్టుకుంటుంది. ఆ తర్వాతి పన్నెండు నెలలు పట్టుకోవడానికి పొడవైన వచనం కావాలి. అలాంటి వచనం రాకపోవడానికి మనుషులు చెప్పే ఆచరణాత్మక కారణం ఒకటుంది: అది రాయగల స్త్రీకి ఆ పన్నెండు నెలల్లో కలం పట్టే తీరిక ఉండదు. తీరిక వచ్చేసరికి ఆ రోజులు మసకబారతాయి, లేదా "అందరూ కన్నవాళ్లమే" అన్న మాట విని విని రాయదగ్గ విషయం కాదనిపిస్తుంది.

డెల్టా నుంచి అలాంటి నవల వస్తే

పుట్టిల్లు ఉన్న సమాజంలో ఈ నవల వేరేలా ఉండాలి. విదేశీ నమూనాలో లాగా మొదటి రోజు నుంచే ఒంటరి ఫ్లాటులో మొదలుపెడితే అది అనుకరణ అవుతుంది. ఇక్కడ మొదటి భాగం జనంతో నిండి ఉంటుంది. ఆమెకు ఒంటరితనం దొరకదు, పైపెచ్చు ఒక్కక్షణం ఒంటరిగా ఉండనివ్వరు. పాలు పడ్డాయా అని వీధిలోవాళ్లు కూడా అడుగుతారు. ఆ ప్రేమలో ఉన్న ఊపిరాడనితనం, ఆ ఊపిరాడనితనంలో ఉన్న నిజమైన ఆసరా, రెండూ రాయాలి. అమ్మమ్మను మూఢనమ్మకాల ముసలమ్మగా గీసి పక్కన పెడితే సగం నిజం పోతుంది. ఆమె మోకాళ్ల నొప్పులతో రాత్రంతా మేలుకున్న మనిషి, తన కాన్పులప్పుడు తనకు దక్కనిది కూతురికి ఇస్తున్న మనిషి.

పాఠకుల మీద దీని ప్రభావం ఎలా ఉంటుందన్నది కొంత ఊహించవచ్చు. పెద్ద తరం నుంచి "మేం పొలం గట్టున కని మళ్లీ పనిలోకి దిగాం" అన్న మాట వస్తుంది. ఆ మాటను అవమానంగా తీసుకోనక్కర్లేదు. తమ కష్టం ఎవరూ రాయలేదన్న ఆక్రోశం అందులో ఉంది. యువతులు తమ భర్తలకు ఫలానా పేజీ చదవమని పంపుతారు. ముఖాముఖి అనలేని మాట పుస్తకంలో పాత్ర చేత అనిపించడం తేలిక. భర్తలు చదువుతారా అన్నది ఆ పుస్తకంలో అతనికి ఎంత చోటిచ్చారన్న దాని మీద ఆధారపడుతుంది. అతన్ని బండరాయిలా చూపిస్తే మూసి పక్కన పెడతాడు.

అందుకే అలాంటి నవలలో అతని ఐదు నెలలు కూడా ఉండాలి. వారానికోసారి బస్సెక్కి అత్తారింటికి వెళ్లి, హాల్లో కుర్చీలో కూర్చుని, లోపలి ఏడుపు వింటూ, లేచి వెళ్లాలో వద్దో తెలియక టీవీ వైపు చూసిన మధ్యాహ్నాలు. తిరుగు ప్రయాణంలో ఫోన్‌లో బిడ్డ ఫొటో చూసుకుంటూ తనకు ఏం అనిపిస్తోందో ఎవరికీ చెప్పలేకపోవడం. ఇంటికి వచ్చాక అద్దె, అప్పు, సారె మాటలు. తర్వాత ఆమె వచ్చిన మొదటి రాత్రి బిడ్డ ఏడ్చినప్పుడు అతను కదలకుండా పడుకుంటే, ఆమెకు అది నిర్లక్ష్యం. అతనికి మాత్రం, ఇన్నాళ్లూ తన చేతుల్లోంచి బిడ్డను తీసుకున్నవాళ్లు ఎవరైనా ఇప్పుడూ వచ్చి తీసుకుంటారన్న అలవాటు. ఆ గదిలో ఇప్పుడు మూడో మనిషి లేరని ఇద్దరిలో ఒకరు పైకి అనాల్సి ఉంటుంది. ఆ మాట ఎవరు ముందు అంటారు, ఎన్ని వారాలకు అంటారు, అనేలోపు ఏం పోతుంది అన్నది నవలకు సరిపోయే కథ.